పాచి చూడ్డానికి అంత దూరమా?

ప్రశ్న: నమస్తే మేడం. డిసెంబరులో నేనూ, మావారూ, అమ్మా దక్షిణ అమెరికా వెళ్తున్నాం. చిలీలోని పుంటా అరేనస్‌లో ఓడ ఎక్కి, నాలుగు రాత్రులు ప్రయాణించి అర్జెంటీనాలోని ఉషువాయాలో దిగుతాం. దారిలో ఆల్బెర్తో దె అగొస్తీనీ నేషనల్ పార్కులోని ఐన్స్‌వర్త్ అఖాతం దగ్గర ఒకటి, కేప్ హార్న్ నేషనల్ పార్కులో ఒకటి గైడుతో నడకలున్నాయి. "పాచి, చెట్లు చూడ్డానికి అంత దూరమా? నేను ఓడలోనే కాఫీ తాగుతూ మంచుకొండలు చూస్తా" అంటున్నారు మావారు. అమ్మకు అరవై దాటాయి, మోకాళ్ల నొప్పులు, చీర తప్ప కట్టదు. మేం ఈ నడకలకు వెళ్లాలా? ఏం సర్దుకోవాలి?
— ఒక పాఠకురాలు, వైట్‌ఫీల్డ్, బెంగళూరు

జవాబు: వెళ్లండమ్మా. మీవారిని కూడా ఓడ దింపండి. మంచు ఆయనకు డెక్ మీంచి కావలసినంత కనిపిస్తుంది. ఐన్స్‌వర్త్ ఒడ్డున ఉన్నది మాత్రం దిగి, వంగి చూసినవాళ్లకే కనిపిస్తుంది.

నేను ఇక్కడే కాలేజీలో బోటనీ చెప్పి రిటైరయ్యాను. ఏటా బోర్డు మీద బొమ్మ గీసి చెప్పే పాఠం ఒకటుండేది: ఖాళీ రాయి మీద మొదట లైకెన్లు (శిలీంధ్రం, ఆల్గే కలిసి బతికే జీవులు), తర్వాత పాచి, ఆ తర్వాత చిన్న మొక్కలు, పొదలు, చివరికి అడవి. ఆ పాఠాన్ని నేను కాళ్లతో నడిచి చూసింది ఈ ఒడ్డునే. మారినెల్లి హిమానీనదం ఈ అఖాతంలోకే దిగుతుంది. ఇరవయ్యో శతాబ్దంలో అది కిలోమీటర్ల కొద్దీ వెనక్కి తగ్గింది. అలా మంచు వదిలిపెట్టిన గులకరాళ్ల నేలలో పోషకాలు ఉండవు. అక్కడ ముందుగా పాతుకునే మొక్కల్లో గున్నేరా ఒకటి. నేలబారుగా పాకే గుండ్రటి ఆకుల మొక్క. దాని కాండంలో నాస్టాక్ అనే సూక్ష్మజీవి కాపురముండి, గాలిలోని నత్రజనిని మొక్కకు అందిస్తుంది. మన కంది వేళ్ల బొడిపెల్లో జరిగే పనే ఇది. ఆ ఆకులు రాలి కుళ్లి నేల తయారైతే, వెనకే పొదలు వస్తాయి. ఆ పొదల వెనక నోతోఫాగస్ (దక్షిణ బీచ్) చెట్లు లేస్తాయి. ఒడ్డు నుంచి లోపలికి నడుస్తూ ఈ వరుసంతా చూడొచ్చు.

ఇక మీవారు అన్న పాచి సంగతి. కేప్ హార్న్ ప్రాంతం భూమి మీది నేలలో 0.01 శాతం కూడా ఉండదు. కానీ ప్రపంచంలోని పాచి, దాని చుట్టమైన లివర్‌వర్ట్ జాతుల్లో 5 శాతానికి పైగా అక్కడున్నాయని శాస్త్రవేత్తల లెక్క. 2005లో యునెస్కో ఆ ప్రాంతాన్ని బయోస్ఫియర్ రిజర్వ్‌గా గుర్తించడానికి ఇదీ ఒక కారణం. చిలీకి చెందిన రికార్డో రోజ్జి అనే పర్యావరణ శాస్త్రవేత్త, ఆయన సహచరులు నవరీనో దీవిలోని ఒమోరా పార్కులో సందర్శకుల చేతికి భూతద్దం ఇచ్చి ఈ బుల్లి అడవుల్ని చూపించే పద్ధతి మొదలుపెట్టారు. నాకు ఆ పద్ధతి మీద ఎంతో గౌరవం. పులి కనిపించకపోతే సఫారీ వేస్ట్ అనుకునే మనలాంటి వాళ్లకు అది చాలా అవసరం.

మా గైడు ఒక పడిపోయిన మాను దగ్గర ఆగి, మెడలోని పది రెట్ల లెన్స్ తీసి నాకిచ్చింది. లెన్స్‌ను కంటికి దాదాపు ఆనించి పెట్టుకుని, మొహాన్నే మాను దగ్గరికి తీసుకెళ్లాలి. పాచి ఆకులు గాజులా వెలుగును తమలోంచి పోనిస్తాయి, ఎందుకంటే చాలా వాటి మందం ఒకే ఒక్క కణం. వాటి పైన ఎర్రటి సన్న కాడలు, ఒక్కో కాడ చివర ఒక్కో చిన్న గుళిక. మూత ఊడిపోయిన గుళిక నోటి చుట్టూ వరసగా పళ్లు. నేను ఊపిరి వదిలితే ఆ తేమకు పళ్లు కదిలాయి! గాలి తడిగా ఉందా, పొడిగా ఉందా అన్నదాన్ని బట్టి అవి ముడుచుకుని, విచ్చుకుని సిద్ధబీజాల్ని (కొత్త మొక్కనిచ్చే దుమ్ములాంటి కణాల్ని) బయటికి వదులుతాయి. ఈ సంగతి పిల్లలకు ఎన్నేళ్లు చెప్పానో! బతికున్న మొక్క నా ఊపిరికి కదలడం మాత్రం అక్కడే చూశాను.

గైడు లేకపోతే ఇవి కనబడవు, కనబడినా అర్థం కావు. ఒకచోట బూడిద రంగులో నిలువునా ఎండిపోయిన చెట్లు కనిపిస్తాయి. చూడగానే అగ్నిప్రమాదమేమో అనిపిస్తుంది. కానీ అది బీవర్ల పని. చెట్లు కొరికి పడేసి, వాగులకు ఆనకట్టలు కట్టే పెద్ద ఎలుకజాతి జంతువులవి. 1946లో బొచ్చు వ్యాపారం కోసం అర్జెంటీనా వాటిని కెనడా నుంచి తెచ్చి వదిలింది. అవి ఈదుకుంటూ చిలీ వైపు దీవులకూ పాకాయి. ఉత్తర అమెరికాలో బీవర్ కొరికిన విల్లో చెట్టు మోడు నుంచి మళ్లీ చిగురిస్తుంది. ఇక్కడి నోతోఫాగస్ చెట్లు చాలావరకు అలా చిగురించవు, ఆనకట్ట నీళ్లలో వేళ్లు మునిగితే చస్తాయి. నాకు ఆ నడకలో బాగా బాధ కలిగింది అక్కడే. కనేలో చెట్టు కూడా చూపించమని అడగండి. 1578లో ఇంగ్లీషు నావికుడు డ్రేక్ నౌకల్లో ఒకదాని కెప్టెన్ జాన్ వింటర్, స్కర్వీ (విటమిన్ సి లోపం) జబ్బు పడ్డ నావికులకు దాని బెరడు వాడాడు. అందుకే దాని శాస్త్రీయ నామంలో వింటర్ పేరు చేరింది.

అమ్మగారి విషయం. ఓడ నుంచి ఒడ్డుకు రబ్బరు పడవలో తీసుకెళ్తారు. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు వేళ్లు పట్టుకోకూడదు, ఒకరి ముంజేయి ఒకరు గట్టిగా పట్టుకోవాలి. ఇది ఇంట్లో సోఫా దగ్గర రెండుసార్లు ప్రాక్టీసు చేయించండి, టెన్షన్ తగ్గుతుంది. మోకాళ్ల సంగతి ముందు రోజు రాత్రే గైడుకు చెప్పి, ఉన్నవాటిలో తేలిక నడక ఏదో అడగండి. పాచి చూసేవాళ్లు ఎలాగూ పది అడుగులకోసారి ఆగుతారు కాబట్టి ఆవిడకు ఇబ్బంది ఉండదు. కేప్ హార్న్ వేరు. అక్కడ పడవ దిగగానే వందకు పైగా చెక్కమెట్లు నిటారుగా ఎక్కాలి, పైన గాలి మనిషిని తోసేస్తుంది. ఆ ఉదయం ఆవిడ ఓపికను బట్టి నిర్ణయించుకోండి, బలవంతం వద్దు. అసలు గాలి ఎక్కువుంటే కెప్టెన్ ఎవరినీ దింపడు, ఆ మాట ఇప్పుడే ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి. దిగగలిగితే 1992లో నిలబెట్టిన ఆల్బట్రాస్ (పెద్ద సముద్రపక్షి) ఆకారపు స్మారకం, నౌకాదళ కుటుంబం కాపురముండే లైట్‌హౌస్ చూడొచ్చు.

చీర ఓడలో భోజనాల గదికి ఉంచుకోమనండి. నడకకు థర్మల్, దాని మీద ఉన్ని స్వెట్టర్, పైన గాలీ నీళ్లూ చొరని జాకెట్టు, ప్యాంటు కావాలి. లోపల కాటన్ వద్దు, తడిస్తే ఆరదు, ఒళ్లు చల్లబడిపోతుంది. డిసెంబరు అక్కడ వేసవే అయినా పగలు పది డిగ్రీల చుట్టూ ఉంటుంది, ఒక్క గంటలో ఎండా, వానా, వడగళ్లూ రావచ్చు. గొడుగు దండగ, మంకీ క్యాప్ పెట్టుకోండి. బూట్ల అడుగున మట్టి, గింజలు లేకుండా ఇంట్లోనే బ్రష్‌తో కడగండి. ఆ దీవులకు బయటి విత్తనం చేసే హాని బీవర్ చేసినదానికి తీసిపోదు.

తినేవాటి గురించి గట్టిగా చెబుతున్నా. చిలీలో దిగగానే మొక్కల, జంతువుల సంబంధమైనవి ఏమున్నాయో ఫారంలో రాసివ్వాలి. పచ్చి కరివేపాకు, పళ్లు, తేనె, విత్తనాలు తీసుకెళ్లొద్దు. కందిపొడి, ఊరగాయ ఉంటే ఉన్నాయని రాసి చూపించండి. మహా అయితే అవి తీసేసుకుంటారు. రాయకుండా దొరికితే జరిమానా కట్టాలి.

ప్రశ్న: మనవడికి ఎనిమిదో తరగతి. పుట్టినరోజుకు లెన్స్ కొనిచ్చాను, రెండు రోజుల్లో పక్కన పడేశాడు. ఏం చూపిస్తే వాడికి ఆసక్తి కలుగుతుంది?
— ఒక తాతగారు, బసవనగుడి, బెంగళూరు

జవాబు: వాన వెలిసిన మర్నాడు పొద్దున్నే లాల్‌బాగ్ బండ దగ్గరికి తీసుకెళ్లండి బాబాయిగారూ. ఆ రాయి వయసు దాదాపు 300 కోట్ల ఏళ్లని ముందు చెప్పండి. తర్వాత దాని మీది బూడిద, ఆకుపచ్చ మచ్చలు చూపించి, అవి ప్రాణమున్న లైకెన్లనీ, మీ ఇంట్లో బిర్యానీ మసాలాలో వేసే రాతిపువ్వు కూడా లైకెనేననీ చెప్పండి. వంటింట్లోంచి ఒక రాతిపువ్వు జేబులో పెట్టుకెళ్తే అక్కడే పక్కన పెట్టి పోల్చుకోవచ్చు. నీడలో తడిసిన పగుళ్లలో పాచి ఉంటుంది, ఎర్ర కాడలు వాడినే వెతకమనండి. గుళిక దొరికితే దాని మీద ఊపిరి వదలమనండి. గిల్లనివ్వొద్దు, లైకెన్ అరచేతి వెడల్పు పెరగడానికి ఏళ్లూ పూళ్లూ పడుతుంది.