టొలెడోనా, సెగోవియానా? తలుపులు చూసే ఓపికుంటే టొలెడోనే

అడిగిన ప్రశ్న ఇది: “అమ్మానాన్నలతో స్పెయిన్ వెళ్తున్నాం. మాడ్రిడ్ నుంచి ఒక్క రోజు ఖాళీ ఉంది. టొలెడో మంచిదా, సెగోవియా మంచిదా?”

సెగోవియా నేను చూడలేదు. అయినా టొలెడోకే వెళ్లమంటాను. సెగోవియాలో రోమన్లు సున్నం లేకుండా రాయి మీద రాయి పేర్చి కట్టిన నీటికాలువ ఉంది. గొప్పదే, కాదనను. కానీ దాని కింద నిలబడి మెడ నొప్పెట్టేదాకా చూసి, నాలుగు ఫొటోలు దిగాక ఇంకేం చేస్తారు? టొలెడోలో అలా కాదు. పదడుగులకో తలుపు కాళ్లకడ్డం పడుతుంది.

ఇంకో మాట. ఆ ఒక్క రోజునీ ఎలాగోలా సాగదీసి అక్కడ ఒక రాత్రి పడుకోండి. నేను రెండుసార్లు వెళ్లాను. మొదటిసారి ఒక టూరు బస్సులో. మొత్తం నాలుగు గంటలిచ్చి, అందులో ముప్పావుగంట కత్తుల కొట్లో నిలబెట్టారు. టొలెడో ఉక్కుకి పేరున్న మాట నిజమే. అంతమాత్రాన మూరెడు కత్తి కొనుక్కుని విమానం ఎక్కేదెవరు? మిగిలిన టైమంతా గైడు ఎత్తి పట్టుకున్న గొడుగు వెనకాల పరుగు. ఆ రోజు నేను బాగా చూసింది నా ముందు నడిచే ఆయన వీపు సంచి. ఊరు కాదు.

రెండోసారి జూలై ఎండల్లో మా అత్తమామల్ని తీసుకెళ్లాం. మేం ఉండేది జర్మనీలో. వాళ్ల వీసా కోసం పడిన తిప్పలు రాస్తే అదే ఒక జవాబవుతుంది, వదిలేస్తున్నా.

మా మావగారికి రాజమండ్రిలో కలప అడితి ఉండేది. నలభై ఏళ్లు దుంగల మధ్యే బతికిన మనిషి. ఏ ఇంటికెళ్లినా ముందు తలుపుని వేలి కణుపుతో కొట్టి చూసి, ఆ తర్వాతే మనుషుల్ని పలకరిస్తారు. సంబంధం మాట్లాడటానికి మా ఇంటికి వచ్చినప్పుడు కూడా వీధి తలుపుని టకటకమని కొట్టి, “ఇది టేకని ఎవరు చెప్పారండీ మీకు?” అన్నారు. మా నాన్న ఇప్పటికీ మర్చిపోలేదు.

అలాంటాయన్ని టొలెడోలో వదిలితే ఏమవుతుందో మీరే ఊహించుకోండి.

ఊళ్లోకి వెళ్లే పెద్ద ద్వారం పేరు పుయెర్తా దె బిసాగ్రా. స్పానిష్‌లో బిసాగ్రా అంటే మడతబందు. ద్వారానికి మడతబందు అని పేరు పెట్టారని మావగారికి చెప్తే తెగ సంబరపడ్డారు. అసలు పేరు అరబ్బీ నుంచి వచ్చిందంటారు గానీ ఆ సంగతి నేను చెప్పలేదు. ఇప్పుడు కనిపించే ద్వారం 16వ శతాబ్దంలో అలోన్సో దె కోవర్రూబియాస్ చేతుల్లో రూపు దిద్దుకుంది. దాని నుదుటి మీద ఐదో చార్లెస్ చక్రవర్తి చిహ్నం, రెండు తలల గద్ద, ఇంతేసి రాతిలో చెక్కి ఉంటుంది. “గండభేరుండం ఇక్కడికెలా వచ్చిందండీ?” అన్నారాయన. నాకూ తెలియదు. బాగుంది కదా, ఒక ఫొటో తీసుకోండి అన్నాను.

కెథడ్రల్ చూడాలా అంటే చూడండి. 1226లో మొదలుపెట్టి రెండు శతాబ్దాలు దాటినా కడుతూనే ఉన్నారు. లోపల బంగారం, బొమ్మలు, అన్నీ ఉన్నాయి. వాటి గురించి రాసేవాళ్లు వందమంది ఉన్నారు. నేను బయట ఉన్న మూడు ద్వారాల గురించే చెప్తా. మధ్యది క్షమాపణ ద్వారం, ఒక పక్క తీర్పు ద్వారం, ఇంకో పక్క నరక ద్వారం. నరక ద్వారం చుట్టూ ఒక్క దెయ్యం బొమ్మ లేదు, అంతా పూలూ ఆకులే. మా అత్తగారు అదే మిగతావాటికంటే బాగుందని దాని ముందే ఫొటో దిగారు. దక్షిణం వైపున్న సింహద్వారం, అంటే మన అర్థంలో కాదు, నిజంగానే సింహాల బొమ్మలున్న ద్వారం, దాని చెక్క తలుపులకి వేసిన కంచు రేకుల పనితనం చూడకుండా మాత్రం రాకండి.

అసలు కథ మధ్యాహ్నం మూడింటికి జరిగింది. ఎండకి ఊరంతా తలుపులేసుకుని పడుకునే వేళ. కొట్లు మూసేశారు. అత్తగారూ మా ఆవిడా మాజపాన్ అనే బాదంపప్పు మిఠాయి కొనుక్కుని హోటల్లో ఏసీ కింద చేరారు. మేమిద్దరం నిద్ర పట్టక సందుల్లో పడ్డాం. నన్నడిగితే పాత ఊళ్లు చూడాల్సిన వేళ అదే. తలుపు తెరిచి ఉంటే కళ్లు లోపలికి పోతాయి, తలుపుని ఎవరూ చూడరు. మూసి ఉంటేనే దాని మొహం కనపడుతుంది. సాయంత్రం కాఫీ బోర్డుల మధ్య, గుమ్మానికి ఆనుకుని సెల్ఫీలు తీసుకునే జంటల మధ్య మీకేం కనపడదు. తలుపు ముందు పావుగంట నిలబడి, తలుపుని ఒక్కసారి కూడా చూడకుండా వెళ్లిపోయే వాళ్లని ఆ ఊళ్లోనే ఎంతమందిని చూశానో.

సరే, ఒక సందు మలుపులో పెద్ద తలుపు. రెండు పక్కలా రాతి స్తంభాలు, వాటి మీద ఒకే రాతి దూలం, దూలం పొడుగునా రాతి ఉండలు చెక్కి ఉన్నాయి. తలుపు రెండు నిలువుల ఎత్తు. నిలువు చెక్కల మీద నిమ్మచెక్కంత ఇనప మేకుల తలలు, వరసలు వరసలుగా. తలుపు తట్టడానికి రెండు ఇనప కడియాలు, ఒకటి మనకందే ఎత్తులో, ఇంకోటి చెయ్యెత్తినా అందని ఎత్తులో. పైది గుర్రం మీదొచ్చేవాడు దిగకుండా కొట్టడానికని చెప్తారు. నేను దాన్నే చూస్తున్నా. మావగారు మాత్రం మేకుల వరసలు లెక్కపెడుతున్నారు.

“ఏడండీ అల్లుడుగారూ. లోపల ఏడు అడ్డబద్దలుంటాయి.”

అవి ఊరికే అలంకారానికి కొట్టారేమో అన్నాను. చాలా పుస్తకాల్లో అలాగే ఉంటుంది, ఇంటివాడి డాబు చూపించుకోవడానికని.

“డాబు తర్వాతండీ. నిలువు చెక్కల్ని వెనకాల బద్దకి బిగించాలా వద్దా? బయట నుంచి మేకు కొట్టి, లోపలికొచ్చిన మొన వంచి మళ్లీ చెక్కలోకి దిగ్గొడతారు. తల ఎలాగూ వీధిలోకి కనపడుతుంది కాబట్టి దాన్ని పువ్వులా చేశారు.”

ఆ మాట అంటూనే అలవాటు చొప్పున కణుపుతో టక్ టక్ టక్ మని కొట్టేశారు. ఆ నిశ్శబ్దంలో అది ఎలా మోగిందంటే, పై అంతస్తులో ఎక్కడో కుక్క లేచింది. లోపల నుంచి “కియెన్ ఎస్?” అని ఆడగొంతు. ఎవరూ అని. పారిపోదామా అన్నట్టు నేను చూశాను. ఆయన కదల్లేదు.

తెరుచుకున్నది పెద్ద తలుపు కాదు. దాని రెక్కలోనే దిడ్డి తలుపు ఒకటుంది, మేకుల మధ్య అప్పటిదాకా నాకు కనపడనే లేదు. అందులోంచి డెబ్బై దాటిన పెద్దావిడ, చేతిలో మడత విసనకర్ర. నిద్ర చెడగొట్టినందుకు తిట్టింది. నాకొచ్చిన కాస్త స్పానిష్‌లో అర్థమైనంతవరకు, ఇది ఇల్లు, మ్యూజియం కాదు, నా గడప మీద కూర్చుని ఐస్‌క్రీమ్‌లు తిని కాయితాలు పడేసి పోతున్నారు అని. నేను “పెర్దోన్ సెన్యోరా, పెర్దోన్” అంటూ వంగిపోతున్నాను. మావగారు నా భుజం పక్కనుంచి తల దూర్చి తలుపు వెనక భాగం చూస్తున్నారు.

“ఏడేనండీ!”

ఫోన్‌లో అనువాదం తెరిచి, ఈయన కలప వ్యాపారి, మీ తలుపు చూసి ముచ్చటపడ్డారు అని చూపించాను. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివింది. అంతవరకూ ఉన్న కోపం ఎటుపోయిందో, దిడ్డి పూర్తిగా తీసి రమ్మంది. మావగారు బూట్లు వీధిలోనే విప్పేసి, గడప తొక్కకుండా కుడికాలు లోపల పెట్టారు. ఆవిడ బూట్లకేసి, ఆయనకేసి చూసి నవ్వి, అవి లోపల పెట్టకపోతే ఎవరో పట్టుకుపోతారని సైగ చేసింది.

తలుపు దాటగానే ఉండే నడవని థగ్వాన్ అంటారు. మాట అరబ్బీ నుంచి వచ్చింది. అది తిన్నగా పోదు, మలుపు తిరుగుతుంది. తలుపు బార్లా తీసినా వీధిలోవాడికి లోపలి మనుషులు కనపడరు. మలుపు తిరిగితే ఆకాశం కనపడే వాకిలి, చుట్టూ గదులు, కుండీల్లో మొక్కలు, మూలన మూతేసిన బావి. “మండువా లోగిలే కదండీ” అన్నారు మావగారు. నిజమే, కానీ మన మండువాకి వీధి నుంచి పెరడు దాకా చూపు ఆనుతుంది. వీళ్లు చూపుకే మలుపు పెట్టారు. టొలెడో 1085 దాకా ముస్లిం పాలకుల కింద ఉంది. రాజులు మారినా మేస్త్రీలూ వడ్రంగులూ వాళ్లే, అలవాట్లూ వాళ్లవే. ఊళ్లో 999లో కట్టిన చిన్న ఇటుక మసీదు, తర్వాత చర్చి అయింది, ఇప్పటికీ ఉంది. నడిబొడ్డున ఉన్న సొకొదొవేర్ మైదానం పేరుకి అరబ్బీలో అర్థం పశువుల సంత.

ఇంతలో మావగారు అడగాల్సింది అడిగారు. ఏం కర్ర?

“పీనో” అందావిడ.

పైన్ అని చెప్పాను. ఆయన మొహం చూడాలి. “పైనా? యాపిల్ పళ్ల పెట్టెలకి కొడతారు, ఆ చెక్కా?” ఈ మాట నేను అనువాదం చెయ్యలేదు. మళ్లీ వెళ్లి రెక్క వెనకాల చెయ్యి వేసి చూశారు. బాడిస దెబ్బలు అలాగే ఉన్నాయి, వెనకవైపు చిత్రిక పట్టలేదు. కాసేపటికి ఆయనే అన్నారు, మెత్తటి చెక్క కాబట్టే ఇన్ని మేకులు, ఇంత దగ్గర బద్దలు. టేకైతే ఇందులో సగం చాలేవి.

ఆ కర్ర ఎక్కడిదో చెప్తే ఇంకా ఆశ్చర్యపోయారు. పైనెక్కడో కొండ అడవుల్లో కొట్టిన పైన్ దుంగల్ని, టొలెడో పక్కనుంచి పారే తాహో నదిలో తేల్చుకుంటూ కిందికి తెచ్చేవాళ్లు. పొడుగు కర్రకి కొక్కెం కట్టుకుని దుంగల మీద నడుస్తూ వాటిని తోలేవాళ్లని గంచెరోలు అంటారు. పోయిన శతాబ్దం దాకా ఈ పని సాగింది. గోదావరిలో మన్యం నుంచి కర్రలూ వెదుళ్లూ తెప్పలు కట్టి దింపడం చిన్నప్పుడు చూసిన మనిషికి ఇంక వేరే ఏం చెప్పాలి? పెద్దావిడ చేతులు పట్టుకున్నంత పని చేశారు.

చివరికి ఆవిడ తన కష్టం చెప్పుకుంది. చెక్కకి పుచ్చు పురుగు పట్టింది, తలుపుకి రంగు మార్చాలన్నా అనుమతి తెచ్చుకోవాలి, కాయితాలకే ఏడాది పడుతుంది. (ఊరంతా 1986 నుంచి యునెస్కో జాబితాలో ఉంది మరి.) దానికి మావగారి మందు జీడిపిక్కల నూనె. దాన్ని ఫోన్ ఏమని అనువదించిందో గానీ ఆవిడ ‘తినడానికా?’ అని అడిగింది.

ఆ తలుపులు ఎందుకు మిగిలాయో నాకొక అభిప్రాయం ఉంది. 1561లో స్పెయిన్ రాజు రెండో ఫిలిప్ తన కొలువుని టొలెడో నుంచి మాడ్రిడ్‌కి మార్చేశాడు. డబ్బూ మనుషులూ అటు పోయారు. ఇల్లు పడగొట్టి కొత్తది కట్టే స్తోమత లేనప్పుడు పాత తలుపే ఇంకో వందేళ్లు పనిచేస్తుంది. మాడ్రిడ్ వెళ్లి చూడండి, ఇలాంటివి ఎన్ని ఉన్నాయో. ఇది విని మావగారు చాలాసేపు ఏమీ అనలేదు. సాయంత్రం అల్కాంతర వంతెన మీద నిలబడి ఉండగా, “అడితికి కలప కోసం మేం కోనసీమలో ఎన్ని మండువా ఇళ్లు విప్పించామో అల్లుడుగారూ. సింహద్వారాలు కోసి కిటికీ చట్రాలు చేసేవాళ్లం” అన్నారు. మంచి గిరాకీ ఉండేదిట.

ఆ రాత్రి ఆయన తీసిన తలుపు వెనక ఫొటోలు తన దగ్గర పనిచేసిన వడ్రంగి మేస్త్రికి పంపారు. పొద్దున్నే వాయిస్ మెసేజ్ వచ్చింది. “పైను చెక్కతోనాండీ? అయితే ఆళ్లకి పనొచ్చండీ.”

మీ సంగతికొస్తే: మాడ్రిడ్‌లోని అటోచా స్టేషన్ నుంచి రైల్లో అరగంట చిల్లర, టికెట్లు ముందే కొనండి. టొలెడోలో దిగాక స్టేషన్‌ని చూడకుండా బయటికి పరిగెత్తకండి. అమ్మానాన్నలకి మోకాళ్ల నొప్పులుంటే కొండ ఎక్కించకండి, కోట గోడ దగ్గర్నుంచి పైదాకా ఎస్కలేటర్లున్నాయి. చక్రాల సూట్‌కేసు ఆ గులకరాళ్ల సందుల్లో పనికిరాదు. మూడింటికి బయట తిరగండి గానీ ఎవరి తలుపూ కొట్టకండి.