పాత గేమ్‌కి మళ్లీ పోతే పాత గోల్డ్ పనికొస్తదా?

ప్రశ్న: అన్నా, మాది కొత్తపేట. 2006ల ఇంటర్ సెకండియర్ చదివేటప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌ల మా ట్యూషన్ పక్కన నెట్ సెంటర్ ఉండె, గంటకు 15 రూపాయలిచ్చి రూన్‌స్కేప్ అనే ఆన్‌లైన్ గేమ్ ఆడేటోణ్ణి. 38 లక్షల గోల్డ్, ఒక ఫుల్ రూన్ కవచం సెట్ జమ చేసిన, అదంత లాబ్‌స్టర్లు పట్టి అమ్ముకున్న పైసలే. ఇప్పుడు రోజూ విక్టోరియా మెమోరియల్ కాడ మెట్రో ఎక్కి అమీర్‌పేట్‌ల మారి హైటెక్ సిటీ పోతున్న, టైమ్ పాస్ అయితదని ఫోన్‌ల ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్ వేసుకుని పాత ఐడీతోని లాగిన్ అయిన. చూస్తే లెవల్ 3 క్యారెక్టర్, బ్యాంక్ ఖాళీ. నా సొమ్మంత ఏమైంది? మా ఆఫీస్ దోస్తు గోల్డ్ అమ్మేటోని నంబర్ ఇచ్చిండు, ఫోన్‌ల పైసలు కొడితే కోట్లల్ల గోల్డ్ ఇస్తడంట. కొనాల్నా, వద్దా?

జవాబు: తమ్ముడూ, నీ సొమ్ము ఎటూ పోలేదు, నువ్వు లాగిన్ అయింది వేరే గేమ్‌లో. ఓల్డ్ స్కూల్‌ని 2013 ఫిబ్రవరిలో పెట్టారు, 2007 ఆగస్టు నాటి బ్యాకప్ తీసి నడిపారు, గేమ్ పాతదే కానీ క్యారెక్టర్లు మాత్రం అందరికీ సున్నా నుంచే. నువ్వు ఆడింది 2001లో మొదలైన అసలు రూన్‌స్కేప్, అది ఇప్పటికీ నడుస్తోంది, అదే ఐడీతో అందులోకి పోయి చూడు, నీ రూన్ సెట్ బ్యాంక్‌లోనే ఉండొచ్చు. కాకపోతే అక్కడి గోల్డ్ ఇక్కడికి తెచ్చుకునే దారి లేదు.

తెచ్చుకున్నా 38 లక్షలకి అప్పటి విలువ రాదు, ఎందుకో చెప్తా. ఈ గేమ్‌లో గోల్డ్ రోజూ కొత్తగా పుడుతుంది, రాక్షసుల్ని కొడితే కాయిన్లు పడతాయి, హై ఆల్కమీ మంత్రం వేస్తే చేతిలో ఉన్న వస్తువు కాయిన్లైపోతుంది, ఇవన్నీ ఎవరి జేబులోంచో వచ్చినవి కావు, అప్పుడే పుట్టినవి. వచ్చినంత బయటికి పోకపోతే రేట్లు పెరగడం ఖాయం. అందుకే 2021 డిసెంబర్‌లో గ్రాండ్ ఎక్స్‌చేంజ్, అంటే గేమ్‌లో ఆటగాళ్లంతా కొనే అమ్మే మార్కెట్, అక్కడి అమ్మకాల మీద 1 శాతం ట్యాక్స్ పెట్టారు, 2025లో 2 శాతం చేశారు, అందులో కొంత గోల్డ్‌తో గేమ్ వాళ్లే మార్కెట్లో వస్తువులు కొని చెరిపేస్తారు కూడా. నాకైతే ఇది చాలా మంచి పని అనిపిస్తుంది, లేకపోతే కొత్తగా చేరినవాడు పట్టిన చేపకి ఏ విలువా ఉండదు.

నీ రోజుల్లో గ్రాండ్ ఎక్స్‌చేంజే లేదు కదా, అది 2007 నవంబర్‌లో వచ్చింది. గేమ్‌లో వరాక్ అనే ఊరి బ్యాంక్ ముందు నిలబడి లాబ్‌స్టర్లు లాబ్‌స్టర్లు అని టైప్ చేస్తూ ఉండేవాళ్లం, అచ్చం బాటసింగారం పోకముందు మీ కొత్తపేట పండ్ల మార్కెట్‌లో మామిడికాయల సీజన్ లాగే, ఎవడి అరుపు వాడిది, ఎవడి రేటు వాడిది. ఇప్పుడు రేటు రాసి పెట్టేస్తే కొనేవాడు దొరకగానే అమ్ముడైపోతుంది. తక్కువకి కొని ఎక్కువకి అమ్ముదామనుకుంటే ముందు లెక్క చూసుకో, 985కి కొన్న వస్తువు 1000కి అమ్మితే ట్యాక్స్ 20 పోయి చేతికొచ్చేది 980, అంటే 5 నష్టం. దానికి తోడు ఒక్కో వస్తువు నాలుగు గంటల్లో ఇన్నే కొనాలని లిమిట్ కూడా ఉంటుంది.

ఇక ఆ గోల్డ్ అమ్మేవాడి సంగతి. వద్దు, అస్సలు వద్దు. నేను 2014లో ఒకసారి కొన్నాను, 800 రూపాయలు పెట్టి, గోల్డ్ రాత్రి వచ్చింది, వారం తిరక్కుండానే అకౌంట్ బ్యాన్. గోల్డ్ పోతే పోయింది, అందులో నా కుకింగ్ 99వ లెవల్‌లో ఉంది, కోటీ 30 లక్షల పైచిలుకు ఎక్స్‌పీ, అంటే అనుభవం పాయింట్లు, దాని కోసం ఎన్ని రాత్రులు చేపలు కాల్చానో నాకు తెలుసు, ఇప్పటికీ గుర్తొస్తే బాధే. ఆ గోల్డ్‌లో చాలావరకు బాట్లు, అంటే మనిషి లేకుండా వాటంతట అవే ఆడే ప్రోగ్రామ్‌లు, తవ్వినదో, ఎవడి అకౌంటో హ్యాక్ చేసి లాక్కున్నదో అయ్యుంటుంది. ఈ అమ్మకాల వల్లే 2008 జనవరిలో ఆటగాళ్ల మధ్య ఇష్టమొచ్చినట్టు ఇచ్చిపుచ్చుకోవడమే ఆపేశారు, దోస్తుకి ఉత్తగా ఒక కత్తి ఇద్దామన్నా కుదరని రోజులవి, ఓటింగ్ పెట్టి మళ్లీ 2011 ఫిబ్రవరిలో తెచ్చారు.

డబ్బులు పెట్టి తీరాలనుకుంటే బాండ్ ఉంది, కంపెనీ దగ్గరే కొని గ్రాండ్ ఎక్స్‌చేంజ్‌లో గోల్డ్‌కి అమ్ముకోవచ్చు, కొన్నవాడికి ఓల్డ్ స్కూల్‌లో 14 రోజుల మెంబర్‌షిప్ వస్తుంది. నన్నడిగితే మొదట్లో అది కూడా వద్దు. ఫిషింగ్ లెవల్ 40 దాకా పెంచుకో, పోర్ట్ సారిమ్‌లో 30 కాయిన్లిచ్చి ఓడెక్కి కరంజా దీవికి పో, లాబ్‌స్టర్లు ఇంకా అక్కడే ఉన్నాయి, విక్టోరియా మెమోరియల్ నుంచి హైటెక్ సిటీ చేరేలోపు ఒక బ్యాగ్ నిండుతుంది.

ప్రశ్న: మా బాబు తొమ్మిదో తరగతి, ఈసీఐఎల్‌లో ఉంటాం. ఇదే గేమ్‌లో ఎవరో "నీ కవచానికి అంచులు దిద్దిస్తా, ఇవ్వు" అంటే ఇచ్చేశాడట, వాడు మాయం. రెండు రోజులుగా సరిగ్గా తినట్లేదు సర్. కంపెనీకి రాస్తే తిరిగి ఇస్తారా?

జవాబు: ఇవ్వరమ్మా, మోసపోయిన వస్తువులు వాళ్లు వాపసు చేయరు. ఇది ఆ గేమ్‌లో చాలా పాత మోసం, గోల్డ్ డబుల్ చేస్తానని నిలబడేవాళ్లూ ఇలాంటివాళ్లే. బాబుని తిట్టకండి, వాడికి అది నెలల కష్టం. ట్రేడ్ చేసేటప్పుడు రెండు స్క్రీన్లు వస్తాయి, రెండోదాంట్లో మనకేం వస్తోందో స్పష్టంగా రాసి ఉంటుంది, అక్కడ ఆగి చదవడం ఒక్కటి పక్కన కూర్చుని నేర్పించండి, అప్పుడే అకౌంట్‌కి ఆథెంటికేటర్, అంటే లాగిన్ అయ్యేటప్పుడు పాస్‌వర్డ్‌తో పాటు ఇంకో కోడ్ అడిగేది, కూడా పెట్టించేయండి.