చెరువులో తుంగ పీకితే ముస్తలు ఎందుకు దొరకలేదు?

సున్నిపిండిలోకి తుంగముస్తల (తుంగ వేళ్లకుండే వాసన గడ్డల) కోసం చెరువులో దిగి, నడుమెత్తు తుంగ పీకితే వేళ్లే తప్ప ముస్తలు రాలేదని అడిగారు. మీరు పీకింది చాపలల్లే తుంగ అయి ఉంటుంది. ముస్తలుండేది దాని చిన్న చుట్టానికి, సైపరస్ రొటండస్‌కు. అది నీళ్లలో కాదు, గట్టు మీద వెతకాలి.

మా పొలం చెరువు కిందే. ఎప్పుడూ నీళ్లు నిలిచే వరిమడిలో ఇది పెద్దగా కనబడదు. కూరగాయల మళ్లు, బోదె వార, కొబ్బరి పాదులు, ఇలా తడుస్తూ ఆరుతూ ఉండే చోట మాత్రం దానిదే రాజ్యం. ఎండ బాగా తగలాలి. చిక్కటి నీడలో పలచబడిపోతుంది.

కాడను వేళ్ల మధ్య దొర్లిస్తే మూడు పలకలు తగులుతాయి, కణుపులుండవు. తుంగల్లో చాలావాటికి ఇదే లక్షణం కాబట్టి కంకి కూడా చూసుకోండి. జానెడు నుంచి మూరెడు ఎత్తు, పైన ఎరుపు కలిసిన గోధుమరంగు కంకులు ఉంటే అదే. కంకి పసుపుగా ఉంటే వేరే రకం, వదిలేయండి.

దొరికాక చేత్తో లాగొద్దు. కాడ తెగి చేతికొస్తుంది, గడ్డలు లోపలే ఉండిపోతాయి. నీళ్లు పెట్టిన మర్నాడు గునపంతో జానెడు లోతు పెళ్లగించండి. ఒక ముస్త, దాన్నుంచి దారంలాంటి వేరు, దాని మీద ఇంకో ముస్త, అలా వరసగా వస్తాయి. పైన నల్లటి పీచు, లోపల తెలుపు. ఒకటి విరిచి ముక్కు దగ్గర పెట్టుకుంటే సున్నిపిండి డబ్బా మూత తీసినట్టే ఉంటుంది.

ఎవరి పొలంలోనైనా అడగండి, ముస్తలు తవ్వుకుంటానంటే ఏ రైతూ కాదనడు! మా మిరప మళ్లలో కలుపు రాకుండా పరిచే మల్చింగ్ షీటును కూడా పొడుచుకుని పైకొస్తుంది. 1977లో శాస్త్రవేత్తలు ప్రపంచంలోని కలుపు మొక్కలకు ర్యాంకులిస్తే మొదటి ర్యాంకు దీనికే వచ్చింది. అందుకే పెరట్లో నాటుకుందామన్న ఆలోచన మాత్రం పెట్టుకోకండి. మురుగుకాలువ పక్కన మొలిచినవీ వద్దు.

తెచ్చినవి కడిగి, గలగలలాడేదాకా ఎండబెట్టి, చేతుల మధ్య నలిపితే పీచు రాలిపోతుంది. ఏరి పారేసేవి కూడా అలాగే ఎండనివ్వండి. పచ్చివి మట్టిలో పడితే మళ్లీ మొలుస్తాయి.