తలకు మెషిన్ పెట్టిస్తే తాగుడు మానేస్తారా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది గాజువాక. మావారికి 43 ఏళ్లు, పోర్టులో కాంట్రాక్టు పని. రాత్రికి రెండు క్వార్టర్లు పడితే గానీ నిద్రపట్టదు, పొద్దున్నే చేతులు వణుకుతాయి. రెండుసార్లు డీ-అడిక్షన్ సెంటర్‌లో పెట్టాం. బయటికొచ్చిన నెలకే మళ్లీ మొదలు. కిందటేడాది అయ్యప్ప మాల వేసుకుని ఒక్కసారిగా ఆపేస్తే రెండోరోజే ఫిట్స్ వచ్చాయి. ఇప్పుడొక క్లినిక్ వాళ్లు తలకు మెషిన్ పెట్టి 20 సిట్టింగులు ఇస్తే జన్మలో ముట్టరంటున్నారు. ఇది కరెంట్ షాకా? బంగారం కుదువపెట్టి అయినా చేయించమంటారా?
– ఒక సోదరి

జవాబు: బంగారం జోలికి ఇప్పుడే వెళ్లకండమ్మా.

వాళ్లు చెబుతున్నది ఆర్‌టీఎంఎస్ అయ్యుంటుంది. ఇది కరెంట్ షాక్ కాదు. మత్తు ఇవ్వరు, మనిషి కుర్చీలో మెలకువగానే కూర్చుంటాడు. తలకు ఆనించిన కాయిల్ నుంచి అయస్కాంత తరంగాలు టకటకమంటూ వెళ్తాయి. వడ్రంగిపిట్ట పొడుస్తున్నట్టు ఉంటుంది గానీ పెద్దగా నొప్పి ఉండదు. చెవులకు ప్లగ్స్ పెడతారు. ‘ఇక చాలు’ అని మనల్ని ఆపే మెదడు ముందుభాగం తాగుడు వల్ల మందగిస్తుంది, దాన్ని చురుకు చేయడమే దీని ఉద్దేశం. అమెరికాలో మందులకు, వైద్య పరికరాలకు అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ దీన్ని 2008లో డిప్రెషన్‌కు, 2018లో ఓసీడీకి (వద్దన్నా అవే ఆలోచనలు, అవే పనులు పదేపదే వెంటాడే జబ్బు), 2020లో సిగరెట్ మాన్పించడానికి అనుమతించింది. మద్యానికి మాత్రం ఆ అనుమతి లేదు. కొన్ని పరిశోధనల్లో తాగాలన్న యావ, విపరీతంగా తాగే రోజులు తగ్గాయి, కొన్నిట్లో తేడా ఏమీ కనిపించలేదు. అలాంటిదానికి ‘జన్మలో ముట్టరు’ అని గ్యారంటీ ఇస్తున్నారంటే నాకైతే అనుమానమే. పుర్రెకు రంధ్రం చేసి లోపల ఎలక్ట్రోడ్లు పెట్టే డీబీఎస్ అయితే, తాగుడు విషయంలో ఇంకా పరిశోధన దశలోనే ఉంది.

మీ ఉత్తరంలో నన్ను కంగారుపెట్టింది ఆ ఫిట్స్ సంగతి. రోజూ తాగే మనిషి హఠాత్తుగా ఆపేస్తే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య మతి తప్పి, లేనివి కనిపించి, ప్రాణం మీదికి కూడా రావచ్చు. మాల సీజన్‌లో ఇలాంటివారు మా ఓపీకి వస్తూనే ఉంటారు. ఒకసారి ఫిట్స్ వచ్చినవారికి మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ. ఆర్‌టీఎంఎస్‌తోనూ అరుదుగా ఫిట్స్ రావచ్చు కాబట్టి, తాగుతూనో, ఆపిన కొత్తలోనో ఉన్న మీవారిని ఆ కుర్చీలో కూర్చోబెట్టడం ఇప్పుడు సరికాదు.

ముందు అడ్మిట్ చేయించండి. చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాలకో, కేజీహెచ్ సైకియాట్రీ ఓపీకో తీసుకెళ్లండి. అప్పటిదాకా ఇంట్లో ఒక్కసారిగా మాన్పించొద్దు. ఆస్పత్రిలో లోరాజెపామ్ లాంటి మాత్రలు ఇచ్చి, రోజురోజుకూ తగ్గిస్తూ వణుకు, ఫిట్స్ రాకుండా చూస్తారు. థయామిన్ అనే బీ1 విటమిన్ ఇంజెక్షన్ ఇస్తారు. నీరసంగా ఉన్నాడని వీధిలో ఆర్‌ఎంపీ చేత గ్లూకోజు ఎక్కించకండి. థయామిన్ పడకుండా గ్లూకోజు ఎక్కితే మెదడు దెబ్బతినవచ్చు.

ఇంకోమాట. రెండుసార్లు సెంటర్ నుంచి వచ్చాక ఏమైనా మాత్రలు వాడారా? ఆ ఊసే రాయలేదు మీరు. నాలుగు గోడల మధ్య నెల రోజులు తాగనివ్వకుండా ఉంచి పంపేస్తే మళ్లీ మొదలుపెట్టడంలో వింతేమీ లేదు, అందులో మీవారి తప్పూ మొత్తం కాదు. నాల్‌ట్రెక్సోన్, అకాంప్రోసేట్ మాత్రలు యావను తగ్గిస్తాయి. మొదటిదానికి లివర్ పరీక్ష, రెండోదానికి కిడ్నీ పరీక్ష చూసుకుని నెలల తరబడి వాడాలి. కౌన్సెలింగ్‌కు మీరూ వెళ్లాలి. ఇవన్నీ సక్రమంగా జరిగాక కూడా యావ వదలకపోతే, అప్పుడు ఆర్‌టీఎంఎస్‌ను అదనపు సాయంగా ఆలోచించవచ్చు. అప్పుడైనా ఫిట్స్ సంగతి, తలలో లోహపు ప్లేట్లు, గుండెలో పేస్‌మేకర్ ఉంటే ఆ సంగతి ముందే చెప్పాలి.

ఎవరైనా ‘కూరలో కలిపి పెట్టండి, మానేస్తాడు’ అని పొడి ఇస్తే మాత్రం తీసుకోకండి. అలాంటివాటిలో డైసల్ఫిరామ్ ఉండొచ్చు. అది కడుపులో ఉండగా మద్యం పడితే ఒళ్లంతా ఎర్రబడి, గుండె దడదడలాడి, బీపీ పడిపోతుంది. మనిషికి చెప్పి, ఒప్పించి, డాక్టర్ కనిపెట్టి చూస్తుండగా వాడాల్సిన మాత్ర అది. రాత్రివేళ ఏమీ తోచకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు. ఫిట్స్ వస్తే మాత్రం నేరుగా 108కే చేయండి.