సీసా పోయాలా, ప్రీమియం కొట్టించాలా?

ఈ వారం ఒకే రకం ప్రశ్నకి ఎక్కువ చోటు ఇస్తున్నాను. ఎండలు మొదలైనప్పటి నుంచి నెల్లూరు, కావలి, ఒంగోలు, ఎక్కడి నుంచి ఉత్తరం వచ్చినా విషయం ఇదే. మైలేజ్ పడిపోయింది, ఏం పోయాలి? ఒక్కొక్కరికీ విడిగా రాసే బదులు అందరికీ కలిపి ఒకసారి చెబుతాను.

కావలి నుంచి ఒక పాఠకుడు: నాది 125 సీసీ బండి. కొని మూడేళ్లు దాటింది. మొదట్లో లీటరుకి 55 ఇచ్చేది, ఇప్పుడు 48 దాటడం లేదు. మెకానిక్ ట్యాంకులో అడిటివ్ (పెట్రోల్‌లో కలిపే మందు) సీసా పోయమంటున్నాడు. బంకులో కుర్రాడు ప్రీమియం పెట్రోల్ కొట్టించమంటున్నాడు. రెండిట్లో ఏది మంచిది సార్?

మీ బండికి రెండూ అవసరం లేదు. ముందు ఆ 7 కిలోమీటర్లు ఎక్కడికి పోయాయో లెక్క చూద్దాం.

మీరు బండి కొన్నప్పటి పెట్రోల్ వేరు, ఇప్పటి పెట్రోల్ వేరు. 2022 జూన్ నాటికి దేశంలో పెట్రోల్‌లో 10 శాతం ఇథనాల్ కలిపే స్థాయికి వచ్చారు. ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం కలిపినది. ఒక లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోల్‌లో ఉండేదానికి దాదాపు మూడింట రెండు వంతులు. అంటే ఇంకో 10 శాతం కలిస్తే మొత్తం శక్తి 3 శాతం పైచిలుకు తగ్గుతుంది. 55లో అది 2 కిలోమీటర్ల లోపే. మిగతా 5 కిలోమీటర్ల నింద పెట్రోల్ మీద వేయలేం.

మెయిన్ స్టాండ్ వేసి, న్యూట్రల్‌లో పెట్టి, వెనక చక్రాన్ని చేత్తో గట్టిగా ఒక తిప్పు తిప్పండి. రెండు చుట్లు కూడా తిరక్కుండా ఆగిపోతే బ్రేక్ పట్టుకుని ఉంది, లేదా చైన్ మరీ బిగించేశారు. మూడేళ్లలో ఎయిర్ ఫిల్టర్ ఎప్పుడు మార్చారో గుర్తుందా? ఉత్తరాల్లో ఈ సంగతి ఒక్కరూ రాయరు. టైర్లలో గాలి ఎంతుందో రాయరు. ట్యాంకులో పోసేదాని గురించి మాత్రం రెండు పేజీలు రాస్తారు. దీని మీద నాకు నిజంగానే విసుగొస్తోంది. సీసా ఖరీదుకి కొత్త ఫిల్టర్ వస్తుంది.

ఇక ప్రీమియం సంగతి. ఆక్టేన్ ఎక్కువ ఉంటే పెట్రోల్‌కి బలం ఎక్కువని చాలామంది నమ్మకం. ఆక్టేన్‌కీ బలానికీ సంబంధం లేదు. పిస్టన్ నొక్కినప్పుడు, ప్లగ్ ముట్టించిన మంట తన దాకా రాకముందే పెట్రోల్ దానంతట అది భగ్గుమనకుండా ఎంత తట్టుకోగలదో ఆ నంబరు చెబుతుంది, అంతే. అలా ముందే అంటుకుంటే వచ్చే చప్పుడునే నాకింగ్ అంటాం. ఇద్దరు ఎక్కి, టాప్ గేర్‌లో ఫ్లైఓవర్ ఎక్కుతూ యాక్సిలరేటర్ తిప్పితే రేకు డబ్బాలో గులకరాళ్లు ఆడించినట్టు వినిపిస్తుంది. ఆ చప్పుడు లేని బండికి ఎక్కువ ఆక్టేన్ వల్ల ఒరిగేదేమీ లేదు.

పైగా 2025 ఆగస్టులో కేంద్ర పెట్రోలియం శాఖ ఇచ్చిన వివరణ చూడండి. బీఎస్-4 కాలుష్య ప్రమాణాల రోజుల్లో 88 ఉన్న మామూలు పెట్రోల్ ఆక్టేన్ బీఎస్-6తో 91 అయిందనీ, 20 శాతం ఇథనాల్‌తో 95కి చేరిందనీ అందులో ఉంది. అలాంటప్పుడు 95 అని బోర్డు పెట్టి అమ్మే ప్రీమియంలో మీరు అదనంగా కొంటున్నది ఆక్టేన్ కాదు, అందులో కలిపిన డిటర్జెంట్. ప్రీమియం అనగానే ఇథనాల్ ఉండదనుకోవడం కూడా పొరపాటే. ఉందో లేదో బంకులో అడిగి తెలుసుకోండి.

ఆ డిటర్జెంట్ పనికిరాదని నేను అనను. ఇంజెక్టర్ మొన దగ్గర, వాల్వుల వెనక పేరుకునే జిడ్డు మసిని అది కరిగిస్తుంది. మంచి అడిటివ్ సీసాలో ఉండేదీ అదే జాతి మందు. సీసా మీద పాలీఈథర్ అమైన్, లేదా పీఈఏ అని రాసి ఉందేమో చూడండి. ఏ మందో రాయకుండా 'పవర్, మైలేజ్, పికప్' అని మాత్రమే రాసి ఉంటే కొనకండి. 70, 80 వేల కిలోమీటర్లు తిరిగిన పాత పెట్రోల్ కారు పొద్దున్నే స్టార్ట్ అయ్యాక కాసేపు వణుకుతుంటే, సర్వీసుకి ముందు ట్యాంకుకి ఒక సీసా పోసి చూడొచ్చు. డబ్బు పరంగా కూడా అదే తేలిక. నెలకి 20 లీటర్లు కొట్టించేవాళ్లు లీటరుకి 8 రూపాయలు ఎక్కువ పెడితే ఏడాదికి 1,920 రూపాయలు. ఏడాదికొక సీసా అందులో నాలుగో వంతుకి వస్తుంది.

రెండు మినహాయింపులు చెప్పి ముందుకు వెళ్తాను. మీ కారు మాన్యువల్‌లో కనీసం 95 ఆక్టేన్ అని ఉంటే దానికి తక్కువ పోయకండి. చిన్న టర్బో ఇంజిన్లలో కొన్నిటికి ఇది అవసరం. తక్కువ పోస్తే నాకింగ్‌ని పసిగట్టే నాక్ సెన్సర్ వల్ల ప్లగ్ ముట్టించే టైమింగ్ ఆలస్యమవుతుంది, బండి లాగదు. రెండోది, పెట్రోల్‌ని నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్. అందులో పెట్రోల్ ఇన్‌టేక్ వాల్వు వెనక్కి వెళ్లదు కాబట్టి అక్కడి మసిని ఏ సీసా, ఏ ప్రీమియం కడగలేవు.

ఆక్టేన్ బూస్టర్ పేరుతో వచ్చే సీసాలు ఇంకో రకం. '5 పాయింట్లు పెంచుతుంది' అని రాస్తారు. ఆ లెక్కలో పది పాయింట్లు కలిస్తే ఒక ఆక్టేన్ నంబరు. అంటే పెరిగేది అర నంబరు. కొన్నిటిలో ఇనుము, మాంగనీస్ కలిసిన రసాయనాలుంటాయి. పోయిన నెల మినీ బైపాస్ దగ్గర ఒక షెడ్డులో మెకానిక్ ఒక ప్లగ్ తీసి నా అరచేతిలో పెట్టాడు. మొన చుట్టూ ఉన్న తెల్లటి పింగాణీ అంతా ఇటుక రంగు పొర కట్టి ఉంది. గోటితో గీకితే పొడి రాలింది. ఆ బండి నడిపే కుర్రాడు ఆరు నెలలుగా ప్రతి ట్యాంకుకీ బూస్టర్ పోస్తున్నాడట. "బండి మిస్ కొడతా ఉందన్నా, ఇంకో సీసా పొయ్యమంటావా?" అని అడిగాడు.

ముత్తుకూరు వైపు నుంచి ఒక రొయ్యల రైతు: చెరువు దగ్గర జనరేటర్ కోసం డీజిల్ డ్రమ్ముల్లో నిల్వ పెడతాం. వానలు పడ్డాక ఇంజిన్ మధ్యలో ఆగిపోతోంది. నీళ్లు పీల్చే సీసా ఒకటి ఉందంటున్నారు, పోయవచ్చా? ప్రీమియం డీజిల్ తెచ్చుకోమంటారా?

ఏదీ వద్దండీ. డీజిల్ మారిస్తే డ్రమ్ములోని నీళ్లు పోవు. రెండు మూడు చుక్కల తేమకి సీసా పనిచేయవచ్చేమో గానీ అడుగున నీళ్లు నిలిచిన డ్రమ్ముకి అది మందు కాదు. గాజు సీసాలో కొంచెం డీజిల్ పట్టి గంటసేపు కదపకుండా ఉంచండి. నీళ్లు బరువు కాబట్టి అడుగుకి చేరి గీత కనిపిస్తుంది. నీళ్లకీ డీజిల్‌కీ మధ్య నల్లటి జిగురు తేలుతుంటే అందులో సూక్ష్మజీవులు పెరుగుతున్నట్టే. ఫిల్టర్లు మూసుకుపోయేది దానివల్లే. డ్రమ్మును కొద్దిగా వాల్చి నిలబెట్టి, ఎత్తుగా ఉన్న వైపు నుంచి తోడుకోండి. అడుగు నాలుగు వేళ్లు ఎప్పుడూ తోడకండి. సగం ఖాళీ డ్రమ్ములో సముద్రపు గాలి తేమ రాత్రిపూట లోపలి గోడలకి పట్టి నీరై దిగుతుంది. అందుకని తక్కువ తెచ్చుకుని త్వరగా వాడుకోవడం మేలు. ఇంజిన్ దగ్గర వాటర్ సెపరేటర్ కింద చిన్న మర ఉంటుంది, దాన్ని వారానికొకసారి విప్పి నీళ్లు వదలండి. తెల్లవారుజామున కరెంటు పోయి ఏరేటర్లు ఆగితే చెరువులో ఆక్సిజన్ ఎంత త్వరగా పడిపోతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ వేళలో జనరేటర్ మీద నమ్మకం ఉండాలంటే డ్రమ్ము శుభ్రంగా ఉండాలి.

ఒంగోలు నుంచి ఒక పాఠకుడు: ఆన్‌లైన్‌లో మైలేజ్ చిప్ ఒకటి కొన్నాను. స్టీరింగ్ కింద సాకెట్‌లో పెడితే 150 కిలోమీటర్లు తిరిగాక ఇంజిన్‌ని తనే సెట్ చేస్తుందట. అడిటివ్, ప్రీమియం ఏదీ అక్కర్లేదట. పెట్టెలో ఉన్న క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే యాప్ డౌన్‌లోడ్ అయింది. అది ఎస్ఎంఎస్, కాంటాక్ట్స్ పర్మిషన్ అడిగింది, ఇచ్చాను. తేడా ఏమీ కనిపించడం లేదు. ఇంకా ఎన్నాళ్లు వాడాలి?

ఈ వారం వచ్చినవాటిలో నాకు భయం పుట్టించిన ఉత్తరం ఇదే. దయచేసి ఇది చదువుతూనే ఫోన్‌ని ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టండి. మిగతాది తర్వాత చదవచ్చు.

ఇలాంటి చిప్పు ఒకటి నేనూ తెప్పించి విప్పాను. ఆ సాకెట్‌ని ఓబీడీ పోర్టు అంటారు, 16 పిన్నులుంటాయి. ఇప్పటి కార్లలో ఇంజిన్ కంప్యూటర్‌తో మాట్లాడాలంటే ముఖ్యంగా కావలసినవి 6, 14 పిన్నులు. నేను విప్పినదాంట్లో ఆ రెండిటికీ తీగే లేదు. బ్యాటరీ కరెంటు వచ్చే 16వ పిన్ను నుంచి ఒక తీగ, గ్రౌండ్ నుంచి ఒక తీగ, మధ్యలో చిన్న బోర్డు, దాని మీద మిణుకుమనే రెండు ఎల్ఈడీలు. ఇంజిన్‌తో ఒక్క మాట కూడా మాట్లాడని వస్తువు ఇంజిన్‌ని ఎలా సెట్ చేస్తుంది? డబ్బు పోయింది, అంతవరకైతే సరిపెట్టుకోవచ్చు.

ప్రమాదం యాప్‌లో ఉంది. క్యూఆర్ కోడ్‌తో నేరుగా దిగిందంటే అది ప్లే స్టోర్ తనిఖీ లేకుండా వచ్చిన ఏపీకే (ఆండ్రాయిడ్ యాప్) ఫైల్. ట్రాఫిక్ చలానా పేరుతో, పెళ్లి శుభలేఖ పేరుతో వాట్సాప్‌లో తిరిగే దొంగ ఫైళ్లు వచ్చేదీ ఇదే దారిలో. ఎస్ఎంఎస్ పర్మిషన్ ఉన్న యాప్ మీ బ్యాంకు ఓటీపీని మీకన్నా ముందే చదివి ఇంకెవరికైనా పంపగలదు. యాక్సెసిబిలిటీ పర్మిషన్ కూడా ఇచ్చి ఉంటే స్క్రీన్ మీద మీ బదులు తనే నొక్కగలదు. మైలేజ్ చూపించే యాప్‌కి మీ మెసేజ్‌లతో ఏం పని? ఆ సాకెట్‌లో పెట్టే బ్లూటూత్ పరికరంతో, అంటే డాంగిల్‌తో మాట్లాడటానికి ఆండ్రాయిడ్ 12, ఆ పై ఫోన్లలో 'నియర్‌బై డివైజెస్' పర్మిషన్ చాలు. అంతకన్నా పాత ఫోన్లలో బ్లూటూత్ వెతకడానికి లొకేషన్ అడుగుతుంది, అది ఆ సిస్టమ్ పద్ధతి. మెసేజ్‌లు, కాంటాక్ట్స్ అడిగితే అక్కడే ఆపేయాలి.

ఇప్పుడు మీరు చేయవలసింది. ఇంకొకరి ఫోన్ నుంచి బ్యాంకుకి ఫోన్ చేసి నెట్ బ్యాంకింగ్, యూపీఐ ఆపించండి. సెట్టింగ్స్‌లో ఆ యాప్‌కి ఇచ్చిన యాక్సెసిబిలిటీ, డివైస్ అడ్మిన్ తీసేసి, తర్వాత అన్ఇన్‌స్టాల్ చేయండి. ఫొటోలు కాపీ చేసుకుని ఫోన్‌ని ఫ్యాక్టరీ రీసెట్ చేయడం క్షేమం. పాస్‌వర్డ్‌లు, పిన్‌లు ఆ తర్వాతే మార్చండి, అదే ఫోన్‌లో ముందే మారిస్తే కొత్తవి కూడా వాళ్ల చేతికే వెళ్తాయి. ఖాతాలో ఒక్క రూపాయి తేడా కనిపించినా వెంటనే 1930కి ఫోన్ చేయండి. సిగ్గుపడి రెండు రోజులు ఆలస్యం చేస్తే డబ్బు ఖాతాలు దాటిపోతుంది.

నిజంగా ఇంజిన్‌తో మాట్లాడే డాంగిల్‌లూ ఉన్నాయి. వాటితో వేరే టెన్షన్. చౌకవాటిలో బ్లూటూత్ పిన్ 1234 గానీ 0000 గానీ ఉంటుంది, పక్కన కారు ఆపినవాడు కూడా కలుపుకోవచ్చు. 2015లో కాలిఫోర్నియా యూనివర్సిటీ శాన్ డియాగో పరిశోధకులు, ఇన్సూరెన్స్ కోసం కార్లకి తగిలించే డాంగిల్‌కి ఎస్ఎంఎస్‌లు పంపి వైపర్లు ఆడించారు. నెమ్మదిగా వెళ్తున్న కారు బ్రేకులు పనిచేయకుండా కూడా చేసి చూపించారు. కాబట్టి డాంగిల్ మీద జత చేసే బటన్ ఉన్నదే కొనండి. ఇంజిన్ లోపం చెప్పే కోడ్ చదువుకుని వెంటనే పీకేయండి. ఇంజిన్ ఆపినా 16వ పిన్నులో కరెంటు ఉంటుంది, మరిచిపోతే బ్యాటరీ కూడా దిగిపోతుంది.

జనం ఇలాంటివి ఎందుకు కొంటున్నారని ఆలోచిస్తే నాకు బండ్లు తయారు చేసేవాళ్ల మీదే కోపం వస్తుంది. ఇంజిన్‌లో తేడా వస్తే కంప్యూటర్‌కి ఏ భాగంలో తేడానో తెలుసు. మనకి మాత్రం ఒక పసుపు దీపం వెలిగిస్తారు. లక్ష దాటిన స్కూటర్‌కి రంగుల స్క్రీన్ పెట్టి ఫోన్ చేసినవాళ్ల పేరు చూపిస్తారు, అప్‌డేట్ పేరుతో కొత్త థీమ్‌లు పంపిస్తారు. అదే స్క్రీన్ మీద 'ఆక్సిజన్ సెన్సర్ చూపించండి' అని తెలుగులో ఒక్క వాక్యం రాయడానికి ఏం అడ్డం? ఏ పెట్రోల్ పోయాలో మాన్యువల్‌లో ఎక్కడో మధ్య పేజీలో, చిన్న అక్షరాల్లో ఉంటుంది. నేను చూసిన మాన్యువల్స్‌లో ఎక్కువ ఇంగ్లీషులోనే ఉన్నాయి. ట్యాంకు మూత లోపల 'కనీసం ఇంత ఆక్టేన్' అని తెలుగులో ఒక స్టిక్కర్ వేస్తే నాకు వచ్చే ఉత్తరాల్లో సగం ఆగిపోతాయి. బంకు కుర్రాడి మాట మీద, మెకానిక్ మాట మీద ఆధారపడే ఖర్మ కావలి పాఠకుడికి ఉండేది కాదు.

చీమకుర్తి నుంచి ఒక టిప్పర్ ఓనర్: కొత్త క్లీనర్ యూరియా బకెట్‌ని డీజిల్‌లో కలిపే మందనుకుని డీజిల్ ట్యాంకులో పోశాడు. ఐదు లీటర్లు ఉండొచ్చు. ట్యాంకు నిండా డీజిల్ ఉంది కాబట్టి కలిసిపోతుందా?

కలవదు. అది పొగను శుభ్రం చేయడానికి వేరే ట్యాంకులో పోసే యూరియా ద్రావణం, అందులో మూడింట రెండు వంతులు నీళ్లే. అడుగుకి దిగి, పంపు ముందుగా దాన్నే పీలుస్తుంది. పంపు, ఇంజెక్టర్లలో యూరియా గడ్డకడితే బిల్లు లక్షల్లో ఉంటుంది. తాళం అసలు తిప్పకండి, ఆన్ చేస్తేనే పంపు తిరిగే బండ్లున్నాయి. బండిని ఉన్నచోటే ఉంచి మెకానిక్‌ని అక్కడికే పిలిపించండి. ట్యాంకు పూర్తిగా దించి కడిగించి, ఫిల్టర్లు మార్పించాక స్టార్ట్ చేయండి. ఆ క్లీనర్ కుర్రాడు దాచకుండా వెంటనే చెప్పాడు కాబట్టే బండి ఇంకా బాగుంది. వాణ్ణి కోప్పడకండి.