నీళ్లు తక్కువగా ఉన్నప్పుడు కయాకింగ్ సురక్షితమేనా?

మీ ప్రశ్నలో రెండు భాగాలున్నాయి. చిన్నప్పుడు బావిలో నేర్చుకున్న ఈత బాగా వచ్చు కాబట్టి, గంగ తగ్గి ఉండే ఫిబ్రవరిలో రిషికేశ్ వెళ్లి కయాకింగ్ (ఒక్కరే కూర్చుని తెడ్డుతో నడిపే సన్నని పడవ, కయాక్, నడపడం) మొదలుపెడితే ప్రమాదమేమీ ఉండదు కదా అన్నది మొదటిది. అంత దూరం వెళ్లడం కుదరకపోతే, కార్తీకంలో స్వర్ణముఖి నదికి నీళ్లు వచ్చినప్పుడు తిరుపతి దగ్గరే సాధన చేయవచ్చా అన్నది రెండోది. ఫిబ్రవరిలో తప్పకుండా వెళ్లండి, కానీ నీళ్లు తక్కువ గనుక భయం లేదన్న నమ్మకంతో మాత్రం నదిలోకి దిగకండి. స్వర్ణముఖిలో అసలే దిగవద్దు. ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానో తెలియాలంటే నా ఎడమ చీలమండ సంగతి చెప్పాలి.

మాది చంద్రగిరి దగ్గర పల్లె, ఉద్యోగం తిరుపతిలో. మీలాగే నేనూ వీపుకు బెండు కట్టుకుని వ్యవసాయ బావిలో ఈత నేర్చుకున్నాను. తొమ్మిదేళ్ల కిందట స్నేహితులతో కలిసి సంపర్క్ క్రాంతి ఎక్కి ఢిల్లీ మీదుగా రిషికేశ్ వెళ్లి, అక్కడ మొదటిసారి కయాక్‌లో కూర్చున్నాను. అప్పటి నుంచి ఏడాదికి ఒకసారైనా, వీలైతే రెండుసార్లు, శివపురి నుంచి లక్ష్మణ్ ఝూలా వైపు సాగే ఆ సుమారు 16 కిలోమీటర్ల గంగలోనే గడుపుతున్నాను. రోలర్ కోస్టర్, గోల్ఫ్ కోర్స్, క్లబ్ హౌస్, డబుల్ ట్రబుల్ అని అక్కడి రాపిడ్లకు, అంటే నది రాళ్ల మధ్య ఉరవడిగా దూకే చోట్లకు, పేర్లున్నాయి. వేరే నదులకు రమ్మని పిలిచినవాళ్లున్నారు గాని, ఒకే నదిని డిసెంబరులోనూ ఫిబ్రవరిలోనూ ఏప్రిల్‌లోనూ జూన్‌లోనూ చూసినవాడికి తెలిసే విషయాలు పది నదులను ఒక్కొక్కసారి చూసినవాడికి తెలియవని నా అభిప్రాయం.

నేను గాయపడింది జూన్ ఉధృతిలో కాదు, ఫిబ్రవరిలో. అది నా నాలుగో ఏడు. నీళ్లు పచ్చరాయి రంగులో, అడుగున గులకరాళ్లు లెక్కపెట్టగలిగేంత తేటగా ఉన్నాయి. గోల్ఫ్ కోర్స్‌కు ఎగువన, పేరైనా లేని ఒక చిన్న జారుడు దగ్గర నా కయాక్ ఒక బండకు అడ్డంగా తగిలి బోర్లా పడింది. పాడిల్‌తో, అంటే తెడ్డుతో, నీళ్లను తోసి పడవను తిరిగి నిలబెట్టడాన్ని రోల్ అంటారు. దానికి ప్రయత్నిస్తే పాడిల్ రాయికి కొట్టుకుని చేతిలోంచి జారిపోయింది. పడవలోకి నీళ్లు రాకుండా నడుము చుట్టూ బిగించుకునే స్కర్ట్ ఊడదీసి బయటికి వచ్చాను. అప్పటివరకూ పెద్ద ప్రమాదమేమీ లేదు. తల ఎత్తి చూస్తే ఒడ్డు పది అడుగుల దూరంలోనే ఉంది, నీళ్లు నడుము దాకానే ఉన్నాయి. ఏటి ఒడ్డున పుట్టిపెరిగిన మనిషి అలాంటప్పుడు ఏం చేస్తాడో నేనూ అదే చేశాను. లేచి నిలబడ్డాను.

మా శిక్షకుడు గఢ్వాల్‌వాడు. రోజూ పొద్దున పడవలు దించే ముందు అతను చెప్పే మొదటి మాట, చివరి మాట ఒక్కటే, 'ఖడా మత్ హోనా'. నిలబడవద్దు అని. నాలుగేళ్లుగా వింటున్న మాట ఆ క్షణంలో గుర్తు రాలేదు. ఎడమ పాదం రెండు రాళ్ల సందులోకి దిగి, చీలమండ దగ్గర బిగుసుకుపోయింది. వెనక నుంచి వచ్చే నీరు వీపును తోస్తుంటే ఒళ్లు ముందుకు వంగిపోసాగింది. కాలు కదలదు, ఒళ్లు నిలవదు. మోకాళ్లు మడిచి, చేతులు ముందుకు చాచి, గడ్డం దాకా వచ్చిన నీళ్ల మధ్య ఊపిరి తీసుకుంటూ ఎంతసేపు ఉన్నానో నాకు తెలియదు. నిమిషమో రెండు నిమిషాలో అని మావాళ్లు తరవాత చెప్పారు. నడుము లోతు నీళ్లలో మనిషి మునిగిపోగలడని నాకు అర్థమైంది అప్పుడే. శిక్షకుడు ఎడమ ఒడ్డు నుంచి త్రో బ్యాగ్ (తాడు చుట్టిపెట్టిన సంచి) విసిరాడు, కుడివైపు బండ మీదికి చేరిన మా స్నేహితుడు దాన్ని అందుకున్నాడు. ఇద్దరూ తాడును నా ఛాతీకి అడ్డంగా బిగించి పట్టుకున్నారు. దాని మీద ఒరిగితే తల పైకి లేచింది, ఊపిరి ఆడింది. తరవాత వాళ్లు తాడును ఎగువ వైపు నడిపిస్తూ వచ్చారు, పాదం దిగిన దారినే వెనక్కి జారి బయటపడింది. ఎముక విరగలేదు గాని చీలమండ వాచి నల్లబడింది, ఆ ఏడాది అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కి కొండకు వెళ్లే మొక్కు వాయిదా వేసుకోవలసి వచ్చింది.

అందుకే ఎవరైనా 'అక్కడ ఎంత లోతు?' అని అడిగితే నాకు బాధ కలుగుతుంది. మనవాళ్లు నీళ్ల గురించి అడిగే మొదటి ప్రశ్న అదే, కొందరికి చివరి ప్రశ్న కూడా అదే. బావికి ఆ ప్రశ్న సరిపోతుంది, ఎందుకంటే బావి నీళ్లు కదలవు, అలసిపోతే చేయి చాచినచోట మెట్టు ఉంటుంది. నదిలో చూడవలసింది వేగం. వేగం రెండింతలైతే నీరు మనిషిని తోసే బలం నాలుగింతలవుతుంది. మన పత్రికల్లో రోజూ కనిపించే క్యూసెక్కు అంటే సెకనుకు సుమారు 28 లీటర్లు. నూరు క్యూసెక్కులంటే వాగుకు పెద్ద ప్రవాహమేమీ కాదు, అయినా ప్రతి సెకనుకూ 2,800 కిలోల నీరు మన పక్కనుంచి పోతున్నట్టే. ప్రవాహం మధ్య పడవలోంచి పడితే వెల్లకిలా తేలుతూ, పాదాలు దిగువ వైపు, వేళ్లు నీటిపైకి కనిపించేలా పెట్టుకోవాలి. నీరు మోకాళ్లకన్నా తక్కువగా ఉన్నచోటికో, కదలని చోటికో చేరేదాకా నిలబడే ఆలోచనే చేయకూడదు.

లైఫ్ జాకెట్ల గురించి కూడా చెప్పాలి. ఒకసారి మా బంధువుల పిల్లలను రాఫ్టింగ్‌కు పంపితే, ఆ నిర్వాహకులు బకిల్స్ కూడా సరిగా బిగించకుండా పడవ ఎక్కించారు. ఫొటోల కోసం మధ్యలో జాకెట్లు వదులు చేసుకోమన్నారట. భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగితే జాకెట్ చెవుల దాకా వచ్చిందంటే నీళ్లలో అది మనిషి ఒంటి మీద ఉండదు. దీన్ని పరీక్షించడానికి పది సెకన్లు పడుతుంది, ఆ పది సెకన్లు తీరిక లేనివాళ్ల పడవలో మీరు ఎక్కవద్దు.

ఇక నీటిమట్టం సంగతికి వస్తాను. నీళ్లు తగ్గినప్పుడు బండలు బయటపడతాయి, ప్రవాహం ఒకటి రెండు ఇరుకు పాయల్లోకి చేరుతుంది, దారి తప్పితే రాయి తగులుతుంది. కానీ రాపిడ్‌కూ రాపిడ్‌కూ మధ్య నిదానమైన మడుగులు ఉంటాయి. బోర్లా పడినవాడు తేరుకోవడానికి, పడవను ఒడ్డుకు తెచ్చి నీళ్లు వంపుకోవడానికి సమయం దొరుకుతుంది. కొత్తవారికి ఫిబ్రవరి మంచిదని నేను అనేది ఈ మడుగుల కోసమే. నీళ్లు మాత్రం ఎముకలు కొరికేంత చల్లగా ఉంటాయి, ఒంటి వెచ్చదనాన్ని నిలిపే రబ్బరు దుస్తులు, వెట్ సూట్, లేకుండా దిగితే పది నిమిషాల్లో వేళ్లు మాట వినవు.

జూన్‌లో మంచు కరిగి వచ్చే నీళ్లతో నది బూడిద రంగుకు తిరుగుతుంది. ఆ నీటిలోని సన్నని ఇసుక కయాక్ అడుగును రాసుకుంటూ పోయే చప్పుడు, సెగ మీద నూనె కాగుతున్నట్టు, నిలకడగా వినిపిస్తూ ఉంటుంది. ఫిబ్రవరిలో నా కాలు ఇరుక్కున్న చోటును రెండేళ్ల తరవాత ఒక జూన్‌లో దాటాను. అక్కడ రాయి లేదు, జారుడు లేదు, మెత్తని వీపులాంటి ఒక అల మాత్రం ఉంది, మూడు సెకన్లలో దాటిపోయాను. ఇంత తేలికా అనుకున్నాను గాని, కింద క్లబ్ హౌస్ దగ్గర బోర్లా పడి పడవ వదిలేసినప్పుడు నాకు మడుగు దొరకలేదు. ఫిబ్రవరిలో ఆగి టీ తాగిన ఇసుక తిన్నె నీటి కింద ఉంది. ఒడ్డు వెంట ఉండవలసిన నిదానపు నీరంతా లోపలినుంచి పొంగుతూ, తిరుగుతూ, పట్టు ఇవ్వకుండా ఉంది. ఒడ్డు చేరేటప్పటికి దాదాపు కిలోమీటరు కొట్టుకుపోయాను.

ఈ రెండు కాలాలకన్నా నేను ఎక్కువ జాగ్రత్తగా ఉండేది మధ్యస్థంగా, నది పెరుగుతూ ఉన్న రోజుల్లో. బండ బయట ఉంటే కంటికి కనిపిస్తుంది, నిలువులోతు మునిగిపోతే దాని మీద అల మాత్రమే లేస్తుంది. అప్పుడే మునిగిన బండ మీదుగా అడుగు మందాన నీరు పారుతున్నప్పుడు మాత్రం, ఆ నీరు బండ వెనక కిందికి దూకి, తిరిగి ఎగువకే మడత పడుతుంది. దాన్నే హోల్ అంటారు. పడిన పడవనూ మనిషినీ అక్కడే దొర్లిస్తుంది. ఎగువ నుంచి వచ్చేవాడికి నున్నని చిన్న మూపురంలా తప్ప ఏమీ కనిపించదు. అందుచేత పొద్దున ఏమి చూశామో మధ్యాహ్నానికి అదే ఉంటుందని అనుకోకూడదు. ఎగువన భాగీరథి మీద టెహ్రీ, కోటేశ్వర్ ఆనకట్టలు, అలకనంద మీద శ్రీనగర్ ప్రాజెక్టు ఉన్నాయి. కరెంటు అవసరాన్ని బట్టి అక్కడ నీళ్లు వదులుతుంటారు కాబట్టి, వాన చుక్క లేకుండానే ఒకే రోజులో మట్టం మారుతుంది. శివపురి రేవులో నేను గుర్తు పెట్టుకున్న ఒక బండ ఉంది. దాని నడుము మీద తెల్లని చార ఒకటి ఉంటుంది. నీరు ఆ చారకు ఎంత కింద ఉంది, పడవలు కట్టేలోపల ఎంత పైకి వచ్చింది అని చూసుకోకుండా నేను దిగను. జూలై, ఆగస్టు నెలల్లో వరద కారణంగా అక్కడ రాఫ్టింగే ఆపేస్తారు.

స్వర్ణముఖి సంగతి వేరు. మనకు ఈశాన్య రుతుపవనాల్లో, ముఖ్యంగా నవంబరులో, తుపాను వస్తే కొండల నీరంతా గంటల వ్యవధిలో దిగుతుంది. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏరులయ్యాయి, రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని ఊళ్లు ఖాళీ చేశారు. నిండి మొరవ (అలుగు) పారే చెరువును చూసి మురిసిపోయే నేల మనది, ఆ సంతోషం నాకూ ఉంది. కానీ ఆ నీటిలో సర్కారు తుమ్మ కంపలు, తెగిన కంచె తీగలు కొట్టుకొస్తాయి. కంపలో నీరు జల్లెడలోంచి పోయినట్టు పోతుంది, మనిషి మాత్రం అందులోనే ఉండిపోతాడు. చెక్‌డ్యాం అంతకన్నా ప్రమాదకరం. నదిలో ఏర్పడే హోల్‌కు పక్కన ఏదో ఒక దారి ఉంటుంది, చెక్‌డ్యాం కింద నీరు ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా ఒకే మట్టాన పడి ఒకే మట్టాన వెనక్కి మడతపడుతుంది, తప్పించుకునే దారి ఉండదు. దుంగ పడితే అది గంటల తరబడి అక్కడే దొర్లడం మీరు చూసే ఉంటారు.

మీరు ఇప్పటి నుంచే ఇక్కడ చేయగలిగింది ఒకటుంది. ఈతకొలనులో, కదలని నీళ్లలో, ముక్కుకు క్లిప్ పెట్టుకుని రోల్ నేర్చుకోండి. నాకు అది కుదరడానికి పదకొండు ఆదివారాలు పట్టింది. ఆ తరవాత ఫిబ్రవరిలో శివపురి వెళ్లినప్పుడు, మొదటి రోజు పడవ దించకుండా, శిక్షకుడితో ఒడ్డు వెంట నడిచి ప్రతి రాపిడ్‌నూ పైనుంచి చూడండి. నిలబడవద్దని అతను చెప్పినప్పుడు ఆ మాటను అతనికి తిరిగి అప్పజెప్పండి.