ముక్తేశ్వర్‌లో ఏడాది సేవ: అమ్మాయిని పంపే ముందు తేల్చుకోవాల్సినవి

ప్రశ్న: మా అమ్మాయి మే నెలలో బీటెక్ సివిల్ పూర్తి చేసింది. ఎస్‌బీఐ యూత్ ఫర్ ఇండియా ఫెలోషిప్‌కి ఎంపికైంది. 13 నెలలపాటు ఉత్తరాఖండ్‌లోని ముక్తేశ్వర్ దగ్గర పల్లెల్లో ఉండి, ఎండిపోతున్న నీటి ఊటల మీద పనిచేస్తానంటోంది. అక్టోబరులో చేరాలి. చేతిలో క్యాంపస్ ఆఫర్ ఉంది, 6 లక్షల ఎడ్యుకేషన్ లోన్ కూడా ఉంది. ఏడాది గ్యాప్ వస్తే తర్వాత ఉద్యోగాలు రావేమోనని మా భయం. పంపమంటారా? - ఒక తండ్రి, గుంటూరు

జవాబు: గ్యాప్ గురించి అంత బెంగ అక్కర్లేదండీ. బెంగ పడాల్సింది లోన్ గురించి. చాలా బ్యాంకుల్లో కోర్సు అయ్యాక ఏడాది వరకు ఈఎంఐ అడగరు, కానీ వడ్డీ నడుస్తూనే ఉంటుంది. 10 శాతం అనుకుంటే 6 లక్షల మీద నెలకు 5 వేలు. పైగా తేదీలు చూడండి: మేలో కోర్సు అయితే ఈఎంఐ వచ్చే జూన్‌లో మొదలవుతుంది, అమ్మాయి కొండ దిగేది నవంబరులో. పదేళ్ల గడువు పెట్టుకున్నా నెలకు 8 వేల పైనే పడుతుంది. అక్కడ ఇచ్చే భత్యం ఒక మనిషి సాదాగా బతకడానికి సరిపోతుంది. వడ్డీ వరకైతే పొదుపుగా లాక్కురావచ్చు, పూర్తి ఈఎంఐ అయ్యే పని కాదు. ఫెలోషిప్ పూర్తి చేసినవాళ్లకు చివర్లో కొంత మొత్తం ఇస్తారు గానీ, చేతికి రాకముందే దాన్ని లెక్కలో వేసుకోకండి. ఆ అయిదారు నెలల ఈఎంఐ మీరు కట్టగలిగితే పంపండి. ఇంటి మీద భారమైతే ఈ ఏడు వద్దు. ఈ ఫెలోషిప్‌కి 32 ఏళ్ల వరకు అవకాశం ఉంది కాబట్టి, రెండేళ్లు ఉద్యోగం చేసి అప్పు తగ్గించుకుని మళ్లీ దరఖాస్తు పెట్టుకోవచ్చు.

ఆఫర్ సంగతి. చేరే తేదీ వాయిదా వేస్తారా అని అమ్మాయి చేత హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టించండి, జవాబు కూడా మెయిల్లోనే రావాలి. ఫోన్లో 'చూద్దాం' అన్న మాట ఏడాది తర్వాత ఎవరికీ గుర్తుండదు. కుదరదంటే ఆ ఆఫర్ పోయినట్టే లెక్కపెట్టుకుని నిర్ణయం తీసుకోండి.

ఇక గ్యాప్. ఫెలోషిప్ ధ్రువపత్రం, అక్కడి సంస్థ ఇచ్చే అనుభవ పత్రం ఉంటే రెజ్యూమెలో దాన్ని 'అనుభవం' కింద రాస్తారు. ఎంటెక్ ఆలోచన ఉంటే, గేట్ స్కోరు ఫలితాలు వచ్చిన నాటి నుంచి 3 ఏళ్లు చెల్లుతుంది. మన దగ్గర ప్రభుత్వ ఉద్యోగాలకు స్థానికత స్కూలు చదువును బట్టి తేలుతుంది, డిగ్రీ తర్వాత ఒక ఏడాది బయట ఉంటే పోదు.

ఆ ఏడాది విలువ నిజంగా తేలేది పని దగ్గర. 'పల్లెల్లో సేవ చేశాను' అంటే ఇంటర్వ్యూలో రెండో ప్రశ్న రాదు. 'ఈ ఊట సెప్టెంబరుకి నిమిషానికి ఇన్ని లీటర్లు, మేలో ఇన్ని' అంటే అరగంట మాట్లాడిస్తారు. అక్కడ తాగునీటికి ఆధారం నౌలాలు, ధారాలు. కొండ రాళ్ల సందుల్లోంచి ఊరే నీటిని పట్టుకునే చిన్న రాతి కట్టడం నౌలా. గొట్టంలా ధారగా పడేది ధారా. ధారా కొలవడానికి 20 లీటర్ల బకెట్, ఫోన్లో స్టాప్‌వాచ్ చాలు. 40 సెకన్లలో నిండితే నిమిషానికి 30 లీటర్లు. మూడుసార్లు పట్టి సగటు తీయాలి, వారానికోసారి అదే రోజు, అదే వేళకి. అక్టోబరులో చేరినా వానల తర్వాతి నీరు ఇంకా బాగానే ఉంటుంది. 'ముందు ఊరు అర్థం చేసుకుంటాను' అని జనవరిలో కొలత మొదలుపెడితే, మే నెల ఎద్దడితో పోల్చడానికి ఏమీ మిగలదు. ప్రాజెక్టు ఏదో తేలకపోయినా మొదటి వారం నుంచే కొలవమనండి.

ఇందులో ఎక్కువ మంది తప్పేది ఇంకుడు కందకాల దగ్గర. ఊటకి సరిగ్గా పైన తవ్వించేస్తారు. రాతి పొరలు ఎటు వాలి ఉన్నాయో దాన్ని బట్టి నీరు ఒక్కోసారి కొండ అవతలి వాలు నుంచి వస్తుంది, అప్పుడు ఆ కందకాలన్నీ దండగ. ఇంజినీరింగ్ జియాలజీ పుస్తకం, క్లైనోమీటర్ (రాతి పొరల వాలు కోణం కొలిచేది) ఉన్న మంచి దిక్సూచి వెంట తీసుకెళ్లమనండి. ఆ ప్రాంతంలో చిరాగ్ సంస్థ ఊటల మీద చాలా కాలంగా పనిచేస్తోంది, వాళ్ల పని వెళ్లి చూడటం మంచిది.

భాష విషయానికొస్తే, ఊళ్లో పెద్దవాళ్లు మాట్లాడేది కుమావనీ. హిందీ వస్తే పని నడుస్తుంది. మాట్లాడటమే కాదు, పంచాయతీ కాగితం చదవగలిగేంత దేవనాగరి ఈ రెండు నెలల్లో పట్టుకోవాలి.

తిండికి ఇబ్బంది లేదు. అక్కడి మడువా మన రాగులే, గహత్ మన ఉలవలే. ఉలవచారు పొడి కట్టి పంపితే ఇరుగుపొరుగుతో స్నేహం దానంతటదే కుదురుతుంది. ముక్తేశ్వర్ సుమారు 7,500 అడుగుల ఎత్తు, నీళ్లు 92 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. అందుకే మామూలు గిన్నెలో పప్పు ఓ పట్టాన ఉడకదు, కుక్కర్ తప్పనిసరి. గ్యాస్‌కి చిరునామా రుజువు అడగని 5 కిలోల చోటూ సిలిండర్ చాలు. చలిబట్టలు గుంటూరులో వెతక్కండి, కొండ దిగువ పట్టణం హల్ద్వానీలో చవగ్గా, మంచివి దొరుకుతాయి.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్పండి: బొగ్గుల కుంపటి గదిలో పెట్టుకుని తలుపులేసి పడుకోకూడదు. వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ నిద్రలోనే ప్రాణం తీస్తుంది, ప్రతి చలికాలం ఉత్తరాదిలో ఇలాంటి మరణాలు జరుగుతూనే ఉంటాయి. గది కూడా ఊరి మధ్యలో, ఒక కుటుంబం ఇంట్లోనే తీసుకోవాలి. దూరంగా లోయ కనిపించే అందమైన గది వద్దు. చిరుతలు తిరిగే చోటు, చీకటి పడ్డాక స్థానికులే ఒంటరిగా కదలరు. జులై నుంచి సెప్టెంబరు దాకా కొండచరియలు పడి దారులు మూసుకుపోతుంటాయి, వాడే మందులు జూన్‌లోనే రెండు నెలలకు సరిపడా తెచ్చుకోవాలి. పెద్దాసుపత్రి అంటే హల్ద్వానీయే.

ప్రయాణానికి ఢిల్లీ నుంచి రాత్రి బయల్దేరే రానీఖేత్ ఎక్స్‌ప్రెస్ మంచిది, తెల్లవారుజామున కాఠ్‌గోదామ్‌లో దింపుతుంది. అక్కడి నుంచి షేర్ జీపులు ఉదయం పూటే ఎక్కువ. మలుపులకు వాంతులయ్యే అలవాటుంటే జీపెక్కడానికి అరగంట ముందే మాత్ర వేసుకోమనండి.